యానకం, ఉష్ణోగ్రత వ్రాయని ఫలితం ఫలితమేనా?

మన కళాశాలలో "మీడియం" అన్న మాట వినగానే ఉర్దూ మీడియమా, తెలుగు మీడియమా అన్న ప్రశ్న స్ఫురించడం సహజం. సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో ఆ మాటకు అర్థం వేరు. బాక్టీరియాకు ఆహారాన్నీ ఆధారాన్నీ సమకూర్చే యానకం అది. ఆ యానకం ఏదో, దానిని ఏ ఉష్ణోగ్రత వద్ద ఉంచారో పేర్కొనకుండానే "పెరుగుదల కలదు", "పెరుగుదల లేదు" అని రికార్డులలో వ్రాయడం విద్యార్థులకు పరిపాటి అయినది. అట్టి వ్రాతను ఫలితంగా అంగీకరించరాదని నా అభిప్రాయం.

సెరేషియా మార్సెసెన్స్ అనే బాక్టీరియాను తీసుకొందాం. 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య పెంచితే దాని కాలనీలు కుంకుమవలె ఎర్రగా ఉంటాయి. అదే జీవి, అదే యానకంపై, 37 డిగ్రీల వద్ద రంగు లేకుండా పెరుగుతుంది. దానిని మరల తక్కువ ఉష్ణోగ్రతలో పెంచితే ఎరుపు తిరిగి వస్తుంది. జీవి మారలేదు, ప్రొడిజియోసిన్ అనే వర్ణద్రవ్యం తయారీ మాత్రమే ఆగినది. ఒకరి పళ్లెం ఇంక్యుబేటర్‌లోను, మరొకరిది బల్లమీదను ఉన్నదనుకొందాం. ఎర్రని పళ్లేనికి మార్కులు వేసి, తెల్లనిదానిని కలుషితమైనదని త్రోసివేస్తే ఆ అన్యాయానికి బాధ్యులెవరు?

యానకం సంగతీ అంతే. మెకాంకీ అగార్‌పై లాక్టోజును పులియబెట్టే ఎష్చెరీషియా కోలై గులాబీరంగు కాలనీలనిస్తుంది. సాల్మొనెల్లా సాధారణంగా వర్ణరహితంగా ఉంటుంది. అందులోని పైత్యరస లవణాల వంటి పదార్థాల వల్ల గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాలలో చాలావరకు తలయెత్తనే తలయెత్తవు. కనుక ఆ పళ్లెం ఖాళీగా ఉన్నంత మాత్రాన నమూనాలో బాక్టీరియాయే లేదనరాదు.

అసలు అగార్ వాడుకకు వచ్చినదే ఉష్ణోగ్రత పెట్టిన చిక్కువల్ల. తొలుత రాబర్ట్ కాక్ వాడిన జెలటిన్ 37 డిగ్రీల వద్ద కరిగిపోయేది. కొన్ని బాక్టీరియాలు దానిని జీర్ణించుకొని నీరుగార్చేవి. జెల్లీల తయారీలో అగార్ ఉపయోగం ఎరిగిన ఫానీ హెస్సె 1881 ప్రాంతంలో దానిని సూచించినది. పళ్లేనికి పేరిచ్చిన పెట్రిని తలచినంతగా మన పాఠ్యపుస్తకాలు ఆ గృహిణిని తలచకపోవడం విచారకరం.

"గది ఉష్ణోగ్రత" అని వ్రాసినా చాలదు. మన ప్రాంతంలో జనవరి ఉదయపు గది వేరు, మే మధ్యాహ్నపు గది వేరు. చలికాలంలో పాలు తోడుకోకపోతే తోడును నిందించక, గిన్నెను వెచ్చనిచోట ఉంచే మన తల్లులకు ఈ విషయం తెలియనిది కాదు.

కావున రికార్డులో ప్రతి ఫలితం ప్రక్కన యానకం పేరు, ఉష్ణోగ్రత, ఉంచిన గంటలు తప్పనిసరి చేయాలి. "పెరుగుదల లేదు" అని కారణసహితంగా వ్రాసినవారికి పూర్తి మార్కులు దక్కాలి. లేనిచో ప్రక్కవారి పళ్లెం చూసి కాలనీలు గీయడం ఆగదు. కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం: క్రొత్త సూక్ష్మదర్శినులు కొనుటకు ముందు, రాత్రివేళ విద్యుత్తు పోయినా ఇంక్యుబేటర్ ఆగకుండా నడిచే ఏర్పాటు చేయించండి. దాని తలుపుకు ఒక నమోదు పుస్తకం వ్రేలాడదీస్తే, ఉదయం సాయంత్రం ఉష్ణోగ్రత వ్రాసే పని విద్యార్థులమే వంతులవారీగా చూసుకొంటాం.