టూరిస్టులు కారు, వలస రారు: మన అమ్మానాన్నలది ఏ వీసా?

ఈ మధ్య ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లినా, గుడిలో ప్రసాదం లైన్లో నిలబడినా ఒకటే ప్రశ్న వినిపిస్తోంది: "అమ్మావాళ్ల వీసా ఏమైంది?" కొన్నేళ్ల క్రితం వరకు ఈ ప్రశ్నకు "స్లాట్ దొరికింది", "ఇంకా దొరకలేదు" అనే రెండు జవాబులే ఉండేవి. ఇప్పుడు జవాబులు పెరిగాయి, భయాలూ పెరిగాయి. 2025లో అమెరికా విజిటర్ వీసా నిబంధనలు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకున్నాయి. వాటిని విడివిడిగా వార్తల్లో చదివి వదిలేస్తున్నాం. కలిపి చూస్తే, అవన్నీ మన ఇళ్లలో ఎప్పటి నుంచో నడుస్తున్న ఒక అలవాటుకు తగులుతున్నాయి.

ఆ అలవాటు మనందరికీ తెలిసిందే. కోడలికి ఏడో నెల రాగానే అత్తయ్యగారికో అమ్మకో వీసా మొదలుపెడతాం. వాళ్లు వచ్చి ఆరు నెలలు ఉంటారు. వాళ్లు వెళ్లే ముందే అటువైపు వాళ్లు దిగుతారు. పిల్లాడు డేకేర్‌కి వెళ్లే వయసు వచ్చేదాకా నలుగురు పెద్దవాళ్లు వంతులవారీగా సముద్రాలు దాటుతుంటారు. ఇది టూరిజం అనలేం, వలస అంతకన్నా కాదు. అమెరికా చట్టంలో ఉన్నవి మాత్రం ఆ రెండు గడులే.

మూడు తేదీల తికమక

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను, తప్పు నాదే కాబట్టి.

మా అమ్మానాన్నలు ఒకే ఫ్లైట్‌లో వచ్చారు. ఒకే కౌంటర్ ముందు నిలబడ్డారు. ఇద్దరికీ పదేళ్ల వీసా ఉంది. వారం తర్వాత నేను ఆన్‌లైన్‌లో అమ్మ ఐ-94 ఒక్కటే తీసి చూశాను. సరిగ్గా ఆరు నెలలుంది. నాన్నదీ అంతే ఉంటుందిలే అనుకున్నాను. మూడు నెలలు గడిచాక ఇన్సూరెన్స్ పొడిగిద్దామని నాన్న పాస్‌పోర్ట్ తీస్తే గుండె జారింది. తిరుగు టికెట్ తేదీకి మూడు వారాల ముందే పాస్‌పోర్ట్ గడువు అయిపోతోంది. ఐ-94 చూస్తే, ఆయనను ఉండనిచ్చిన చివరి రోజు కూడా అదే.

ఇక్కడ మూడు తేదీలు ఉంటాయి. పాస్‌పోర్ట్‌లో అతికించిన వీసా మీద తేదీ, అమెరికా గడప దాకా వచ్చి లోపలికి రానివ్వమని అడగడానికి ఉన్న గడువు మాత్రమే. ఎన్నాళ్లు ఉండొచ్చో ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ అధికారి తేలుస్తారు. ఆ తేదీ ఐ-94లో ఉంటుంది. బి2 మీద వచ్చేవాళ్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, కానీ పాస్‌పోర్ట్ గడువు అంతకన్నా ముందే ముగుస్తుంటే అక్కడితో ఆపేస్తారు. మూడోది మనం కొనే తిరుగు టికెట్ తేదీ. మనలో చాలామంది మొదటి దాన్ని చూసి ధైర్యపడి, మూడోదాన్ని బట్టి ప్లాన్ వేసుకుంటాం. చట్టం లెక్కపెట్టేది మధ్యలో ఉన్నదాన్ని.

ఐ-94 తేదీ దాటి ఉండిపోతే ఆ పదేళ్ల వీసా దానంతటదే చెల్లకుండా పోతుంది. అలా 180 రోజులకు మించి ఉండి వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాది లేదా ఆపైన ఉంటే పదేళ్లు మళ్లీ రావడానికి వీల్లేదు. డెబ్బై ఏళ్ల మనిషికి పదేళ్ల నిషేధం అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఐ-539 ఫారం పెట్టి గడువు పెంచమని అడగొచ్చు కదా అని మిత్రులు అన్నారు. అడగొచ్చు, ఐ-94 గడువు ముగిసేలోపే పెట్టాలి. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. వద్దని వస్తే ఆ క్షణం నుంచి ఇక్కడ నిలబడటానికి ఆధారం ఉండదు. ఒప్పుకున్నా, తర్వాతిసారి వచ్చినప్పుడు "పోయినసారి అంతకాలం ఎందుకున్నారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు, మా నాన్న. ఆయన ఒకే మాట అన్నారు: "వాళ్లు వెళ్లమన్న తేదీకి వెళ్లిపోదాం రా. మళ్లీ రావాలి కదా." టికెట్లు మార్చాం. మనవడి మొదటి పుట్టినరోజు వాళ్లు వీడియో కాల్‌లో చూశారు.

2025లో మారినవి

మన పెద్దవాళ్లకు తగిలే మార్పులు నాలుగు.

మొదటిది ఇంటర్వ్యూ. అంతకుముందు 79 ఏళ్లు దాటినవాళ్లకు, 14 ఏళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇంటర్వ్యూ ఉండేది కాదు. 2025 సెప్టెంబర్ 2 నుంచి వాళ్లు కూడా సాధారణంగా స్వయంగా వెళ్లాల్సిందే. డ్రాప్‌బాక్స్ కూడా బాగా కుదించారు. పెద్దయ్యాక తీసుకున్న పూర్తి కాలపరిమితి బి1/బి2 వీసా ముగిసి 12 నెలలు దాటనివాళ్లకే, మిగతా షరతులకు లోబడి, ఆ వీలు మిగిలింది. హైదరాబాద్ కాన్సులేట్ కింద తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉన్నాయి. శ్రీకాకుళంలో ఎనభై ఏళ్ల తాతగారు రాత్రంతా రైల్లో వచ్చి, నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూకు వెళ్లాలి.

రెండోది చోటు. పౌరసత్వమో నివాసమో ఉన్న దేశంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోవాలని 2025 సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖ ప్రకటించింది. ఇండియాలో స్లాట్లు దొరకనప్పుడు మూడో దేశానికి వెళ్లి స్టాంపింగ్ చేయించుకున్న రోజులు ముగిసినట్టే అనుకోవాలి.

మూడోది డబ్బు. బి1/బి2 దరఖాస్తు ఫీజు 2023 జూన్‌లోనే 160 నుంచి 185 డాలర్లయింది. 2025 జులై 4న సంతకమైన పెద్ద బడ్జెట్ చట్టంలో దీనికి అదనంగా 250 డాలర్ల ‘వీసా ఇంటెగ్రిటీ ఫీజు’ రాశారు. నిబంధనలన్నీ పాటించినట్టు చూపిస్తే దాన్ని తిరిగి ఇవ్వవచ్చని కూడా అదే చట్టంలో ఉంది. అద్దె ఇంటికి కట్టే అడ్వాన్సు లాంటిదన్నమాట: సమయానికి ఖాళీ చేస్తావన్న నమ్మకం లేక ముందే పట్టుకునే డబ్బు.

నాలుగోది మన మీద ఇంకా నేరుగా పడనిది, కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది. 2025 జూన్‌లో కొన్ని దేశాల వారి రాకను నిషేధిస్తూ, మరికొన్నింటిపై ఆంక్షలు పెడుతూ వచ్చిన ప్రకటనలో, ఆయా దేశాల నుంచి వచ్చి గడువు దాటి ఉండిపోయినవారి శాతాన్ని ఒక కారణంగా చూపించారు. అదే ఏడాది ఆగస్టులో మలావీ, జాంబియా దేశాల విజిటర్లతో బాండ్ పద్ధతి ప్రయోగాత్మకంగా మొదలైంది. పూచీకత్తు 5 వేల డాలర్ల నుంచి 15 వేల దాకా. అంటే ఒక ఇంటివాళ్లు గడువు దాటితే ఆ లెక్క ఇప్పుడు ఆ ఇంటితో ఆగదు. దేశం ఖాతాలో పడుతుంది. మన అమ్మ రెండు నెలలు ఎక్కువ ఉండటం, రేపు ఎవరి అమ్మ ఇంటర్వ్యూ మీదనో నీడై పడొచ్చు.

ఇంటర్వ్యూలో అడిగేది మన గురించి కాదు

214(బి) కింద తిరస్కరించారన్న మాట చాలా ఇళ్లలో విన్నదే. ఆ సెక్షన్ సారాంశం ఇది: విజిటర్ వీసా అడిగే ప్రతి ఒక్కరూ స్థిరపడటానికే వస్తున్నారని అధికారి ముందుగా అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అడిగినవాళ్లే. మనం చేసే పని దీనికి తలకిందులుగా ఉంటుంది. మన జీతం స్లిప్పులు, ఇంటి కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దొంతరగా పేర్చి ఫైల్ పంపిస్తాం. ఇక్కడ మనం ఎంత బాగా ఉన్నామో అది చెబుతుంది. అమ్మానాన్నలు వెనక్కి ఎందుకు వెళ్తారో అందులో ఒక్క కాగితమూ చెప్పదు.

వాళ్లకు వెనక్కి వెళ్లడానికి కారణాలు లేకనా? కౌలుకిచ్చిన పొలం, పెన్షన్, చిన్న కూతురి ఇల్లు, అమ్మమ్మను చూసుకోవాల్సిన బాధ్యత, సంక్రాంతికి ఇల్లు తెరిచి ఉండాలన్న పట్టుదల. ఇవి వాళ్ల నోటితో, వాళ్ల మాటల్లో రావాలి. హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడే వీలుంది. వాట్సాప్‌లో తిరిగే ‘ఈ ప్రశ్నకు ఈ జవాబు’ పాఠాలు బట్టీ పట్టించి పంపితే, పదో తరగతి పరీక్షకు వెళ్లిన పిల్లల్లా తడబడతారు. "పిల్లాణ్ణి చూసుకోవడానికి" అన్న జవాబు ఆయా పనికి వెళ్తున్నట్టు వినిపించొచ్చు. అలాగని అబద్ధం నేర్పకూడదు. వీసా కోసం ముఖ్యమైన విషయంలో తప్పు చెప్పినట్టు తేలితే, ఆ మచ్చ జీవితాంతం వెంటాడే నిషేధం అవుతుంది. "మనవణ్ణి చూడటానికి వెళ్తున్నాం, ఫలానా నెలలో తిరిగి వస్తాం" అన్నది నిజమైతే అంతే చెప్పమనాలి. అది నిజం కానప్పుడు, మార్చుకోవాల్సింది మన ప్లాన్.

పక్క దేశంలో గడి ఉంది

ఇదంతా తప్పని పరిస్థితి కాదని చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. కెనడా 2011లోనే తల్లిదండ్రులు, తాతమామ్మల కోసం ‘సూపర్ వీసా’ తెచ్చింది. 2022 జులై నుంచి ఒక్కసారి వస్తే ఐదేళ్ల వరకు ఉండొచ్చు. పిల్లలకు తగిన ఆదాయం ఉండాలి, ఖర్చులు భరిస్తామని రాసివ్వాలి, కనీసం లక్ష కెనడా డాలర్ల కవరేజీతో మెడికల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. ఆస్ట్రేలియాలో 2019 నుంచి స్పాన్సర్డ్ పేరెంట్ తాత్కాలిక వీసా ఉంది. మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తారు, మొత్తం మీద పదేళ్లు మించకూడదు. ఫీజు బరువైనదే. అయినా ఆ రెండు చోట్లా ‘మా అమ్మ నాతో కొన్నాళ్లు ఉండటానికి వస్తోంది’ అన్న నిజాన్ని నిజంగానే చెప్పి వీసా అడగొచ్చు. దానికి షరతులు ముందే రాసి ఉన్నాయి.

అమెరికాలో మిగిలిన దారి గ్రీన్ కార్డ్. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరుడు తల్లిదండ్రులకు పిటిషన్ వేస్తే, కోటా క్యూ లేదు. కానీ ఇది హెచ్1బీ మీద, గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్లకు లేదు. మనవాళ్లలో ఎంతోమంది దశాబ్దానికి పైగా ఆ క్యూలోనే ఉన్నారు. పౌరసత్వం ఉన్న ఇళ్లలోనూ చిక్కే. గ్రీన్ కార్డ్ అంటే ఇక్కడే కాపురం అని అర్థం. ఊళ్లో ఏడాది మించి ఉండిపోతే, ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే, కార్డు చేజారిపోవచ్చు. ఆరు నెలలకే "ఇంక మా ఊరు పంపించెయ్యరా" అనే మనిషికి అది ఎందుకు? పైగా పిటిషన్ ఒకసారి వేశాక విజిటర్ వీసా అడిగితే, స్థిరపడే ఉద్దేశం కాగితం మీదే కనిపిస్తుంది.

మన చేతిలో ఉన్నది

నిబంధనలు మార్చడం నా చేతిలోనో మీ చేతిలోనో లేదు. ఇంట్లో లెక్క సరిచేసుకోవడం మాత్రం ఉంది.

టికెట్ కొనే ముందు పాస్‌పోర్ట్‌ల గడువు చూడండి. ఏడాదిలోపు ముగిసేట్టుంటే ఊళ్లోనే కొత్తది తీసుకోమనండి. పాత పాస్‌పోర్ట్‌లో వీసా చెడకుండా ఉంటే రెండూ కలిపి పట్టుకొస్తే చాలు. దిగిన వారంలోపు ఇద్దరి ఐ-94లూ విడివిడిగా తీసి, పేరు, పుట్టినతేదీ, చివరి రోజు సరిచూసి, ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అతికించండి. తిరుగు టికెట్ ఆ తేదీకి కనీసం రెండు వారాల ముందు ఉండేలా చూడండి. ఫ్లైట్ రద్దయినా, జ్వరం వచ్చినా ఆ రెండు వారాలే కాపాడతాయి. ఫీజులు, నియమాలు కట్టే రోజున అధికారిక సైట్‌లోనే చూడండి, ఈ వ్యాసంతో సహా ఇంకెక్కడా కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, డేకేర్ ఖర్చు లెక్క అమ్మ ఐ-94 మీద వేయకండి. ఆరో నెల తర్వాత పిల్లాణ్ణి ఎవరు చూస్తారన్నది వాళ్లు బయలుదేరక ముందే తేలాల్సిన విషయం.

ఇక మన సంఘాలు. ఏటా సభలకు సెనేటర్లను, కాంగ్రెస్ సభ్యులను పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. వేదిక మీద హెచ్1బీ గురించి ఎవరో ఒకరు అడుగుతారు. ఈసారి ఇంకో ప్రశ్న కూడా అడగమని నా విన్నపం: ఇన్సూరెన్స్ మేం కడతాం, పూచీ మేం ఉంటాం, కెనడా ఇచ్చినట్టు మా అమ్మానాన్నలకు ఒక వీసా ఎందుకు ఇవ్వరు? ఆ ప్రశ్నకు వెంటనే జవాబు రాదని నాకూ తెలుసు. మా నాన్న కొత్త పాస్‌పోర్ట్ పోయిన నెలలో వచ్చింది. వచ్చే ఏడాది పుట్టినరోజుకి టికెట్లు చూస్తున్నాం, ఈసారి క్యాలెండర్ ఎదురుగా పెట్టుకుని.