ఆ మీట యాప్‌ల చేతికి రాకపోవడమే మేలు

పెద్దవూరలో గానీ, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో గానీ మొబైల్ షాపుకు వచ్చే తల్లిదండ్రుల కోరిక ఒకటే: పిల్లాడు సెట్టింగ్స్ మార్చకుండా లాక్ వేసి ఇవ్వమని. ఫోన్లు ఇచ్చి పని చేయించుకునే చిన్న సంస్థలూ అదే అడుగుతాయి. ఈ మధ్య ఆ జాబితాలో వైర్‌లెస్ డీబగ్గింగ్ కూడా చేరింది. దాన్ని తెరిచి, పెద్దలు పెట్టిన లాక్‌లన్నీ తీసేయవచ్చని పిల్లలు వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. కాబట్టి దాన్ని మూసి ఉంచే యాప్ ఒకటి ఉంటే చాలని పెద్దల ఆశ. వారి ఆందోళన న్యాయమైనదే. కానీ ప్లే స్టోర్ నుంచి దించుకున్న మామూలు యాప్‌కు ఆ డీబగ్గింగ్ మీట మీద అధికారం లేదు. ఉండకూడదనే నేనంటాను.

డీబగ్గింగ్ అంటే యాప్‌లు తయారుచేసేవారి కోసం ఫోన్‌లో పెట్టిన తలుపు. దాని గుండా కంప్యూటర్ నుంచి ఫోన్‌కు నేరుగా ఆదేశాలివ్వవచ్చు, యాప్‌లు ఎక్కించవచ్చు, తీసేయవచ్చు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11తో ఈ పనికి కేబుల్ అవసరం కూడా పోయింది. అయితే ఆ తలుపు ఊరికే తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ కనిపిస్తాయి. వాటిలో వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేస్తే, ఈ వైఫైలో అనుమతించాలా అని ఫోన్ అడుగుతుంది. కొత్త కంప్యూటర్‌ను జత చేయాలంటే ఫోన్ తెర మీద కనిపించే ఆరంకెల కోడ్‌ను కంప్యూటర్‌లో కొట్టాలి, లేదా క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. అంటే ప్రతి మెట్టు దగ్గరా ఫోన్ పట్టుకున్న మనిషి ఒప్పుకోవాలి. ఈ మీటను మార్చాలంటే యాప్‌కు ‘రైట్ సెక్యూర్ సెట్టింగ్స్’ అనే అనుమతి కావాలి. కెమెరాకో, లొకేషన్‌కో అడిగినట్టు తెర మీద అడిగి తీసుకునే అనుమతి కాదది. ఫోన్‌తో పాటే వచ్చిన సిస్టమ్ యాప్‌లకు ఉంటుంది, లేదంటే డీబగ్గింగ్ ద్వారానే కంప్యూటర్ నుంచి ఇవ్వాలి. తాళం వేయడానికి వచ్చినవాడు ముందు తలుపు బార్లా తీసి పెట్టమన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఇంత చేసి పెట్టినా, ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిస్తే మనం వేసుకున్న యాప్‌లేవీ పనిచేయవు. కాపలా యాప్ కూడా అంతే.

ఈ పరిమితిని లోపమనుకుంటున్నవారు ఒక్కసారి ఎదురు వైపు నుంచి చూడాలి. తల్లిదండ్రులు నమ్మిన యాప్‌కు ఆ మీట మూసే శక్తి ఇస్తే, అదే శక్తి వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో వచ్చే దొంగ ఏపీకే ఫైలుకూ దక్కుతుంది. అది మీటను మూయదు, తెరుస్తుంది. ఎవరికీ తెలియకుండా తెరిచి ఉన్న తలుపు ఏం చేస్తుందో 2018 ఫిబ్రవరిలో లోకం చూసింది. ఏడీబీ.మైనర్ అనే పురుగు 5555 నంబరు పోర్టు తెరిచి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లను, టీవీ బాక్సులను వెతుక్కుంటూ ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకింది. క్రిప్టో నాణేలు తవ్వడానికి వాటిని వాడుకుంది. ఆ పరికరాల్లో జత చేసే కోడ్ అడిగే ఏర్పాటు లేదు. పోర్టు తెరిచి ఉందన్న సంగతే చాలామంది యజమానులకు తెలియదు. అసలు ప్రమాదం అక్కడుంది. మనిషి కళ్లెదుట, మనిషి చేత్తో ఆన్ అయ్యే మీటలో అంత ప్రమాదం లేదు.

మరి ప్రభుత్వాలు ఇచ్చే పరికరాల సంగతేమిటని అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. అవి 5.18 లక్షలు. మరుసటి ఏడు అదే తేదీన చింతపల్లిలో మరో 4.34 లక్షల ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. ఇలాంటి పరికరాల్లో నియంత్రణకు దారి ఉంది. ట్యాబ్‌ను మొదటిసారి తెరిచేటప్పుడే సంస్థను దాని యజమానిగా నమోదు చేస్తే, డీబగ్గింగ్‌ను మొత్తంగా నిషేధించే అధికారాన్ని ఆండ్రాయిడే ఇస్తుంది. ప్రజల సొమ్ముతో కొన్న వస్తువు కాబట్టి ఆ అధికారం వాడుకోవడం సబబే. కానీ ఆ లాక్‌నే చదువు అనుకుంటే మోసపోతాం. 2013లో లాస్ ఏంజిలిస్ బడుల్లో ఐప్యాడ్లు పంచితే, పిల్లలు తమ ప్రొఫైల్ తీసేసి కొద్ది రోజుల్లోనే ఆంక్షలను దాటేశారు. దాంతో ఐప్యాడ్లను ఇంటికి పంపడం ఆపేయాల్సి వచ్చింది. అక్కడ ఐప్యాడైనా ఇక్కడ ఆండ్రాయిడైనా పిల్లల బుర్ర ఒక్కటే. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉపాధి హామీ పథకంలోనే ఉంది. హాజరు యాప్‌లో కూలీల ఫోటోకు బదులు ఫోటోను ఫోటో తీసి పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. దానికి డీబగ్గింగ్ అక్కర్లేదు, కంప్యూటర్ జ్ఞానమూ అక్కర్లేదు.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. మీట ఫోన్ యజమాని చేతిలోనే ఉంటే, ఆ యజమానిని మాటలతో బోల్తా కొట్టించే మోసగాడి సంగతేమిటి? నిజమే. కంప్యూటర్ ఉండాల్సింది అదే వైఫైలో కదా అని ధీమా పడటానికి వీల్లేదు. ఫోన్‌లోని యాప్ అదే ఫోన్ డీబగ్గింగ్‌కు జత కాగలదు. షిజుకు అనే యాప్ పనిచేసేది ఆ పద్ధతిలోనే. యాక్సెసిబిలిటీ అనుమతి పొందిన దొంగ యాప్ మన బదులు తెర మీద మీటలు నొక్కగలదు, కనిపించే అంకెలు చదవగలదు. కాబట్టి కాపలా పెట్టాల్సింది యాక్సెసిబిలిటీ దగ్గర, బయటి నుంచి వచ్చే ఏపీకే దగ్గర. 2022లో ఆండ్రాయిడ్ 13 ఈ దిశగానే వెళ్లింది. బయటి నుంచి ఎక్కించిన యాప్‌లకు ఆ అనుమతి తేలిగ్గా దొరక్కుండా అడ్డుగోడ కట్టింది. మన వైపు నుంచి జరగాల్సింది కూడా ఉంది. ఓటీపీ చెప్పవద్దని ఊరూరా చెబుతున్న పోలీసులు, బ్యాంకులు ఈ ఆరంకెల జత కోడ్‌నూ అదే వరుసలో చేర్చాలి.

బ్యాంకుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే చాలు, కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోనని మొండికేస్తాయి. జాగ్రత్త ఎంతైనా మంచిదేనని వాటి వాదన. కానీ సూర్యాపేట, కోదాడ ఇంజినీరింగ్ కాలేజీల్లో యాప్‌లు రాయడం నేర్చుకునే విద్యార్థుల్లో చాలామందికి ఉన్నది ఒక్కటే ఫోన్. అదే వాళ్ల ప్రయోగశాల, అదే ఫీజు కట్టే సాధనం. పాఠం నేర్చుకోవాలంటే ఆన్ చేయాలి, డబ్బు కట్టాలంటే ఆఫ్ చేయాలి. డెవలపర్ ఆప్షన్స్ కనిపించడం వేరు, డీబగ్గింగ్ నిజంగా నడుస్తుండటం వేరు. మొదటిదాన్ని చూసి తలుపు మూయడం అనవసరం. రెండోదాన్ని చూసినప్పుడు కూడా ఖాతాదారుకు అర్థమయ్యే తెలుగులో హెచ్చరించి, పెద్ద మొత్తాల బదిలీని మాత్రం ఆపితే సరిపోతుంది.