రెండు వేళ్ల సందివ్వండి!

గుర్రపు స్వారీ నేర్చుకునే పిల్లలకు, తల్లిదండ్రులకు, శిక్షకులకు, మలక్‌పేట పందేలకు వెళ్ళే ప్రేక్షకులకు విజ్ఞప్తి



"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అంటారు. ఈ సామెతను అడ్డం పెట్టుకుని కొరడా ఝళిపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తోందంటే నాలుగో కాలు నొప్పి పెడుతోందని అర్థం. కొట్టేముందు ఆ కాలెత్తి చూడండి!

2021 ఆగస్టు 6, టోక్యో ఒలింపిక్స్. అప్పట్లో మోడర్న్ పెంటాథ్లాన్‌లో రౌతుకు సొంత గుర్రం ఉండేది కాదు. చీటీలో వచ్చిన గుర్రంతో పరిచయానికి 20 నిమిషాలే గడువు ఉండేది. సెయింట్ బాయ్ అనే గుర్రం బెదిరి, దూకనని మొరాయించింది. ముందంజలో ఉన్న జర్మనీ క్రీడాకారిణి ఏడుస్తూనే కొరడా వాడింది. ఆమె కోచ్ గుర్రాన్ని పిడికిలితో గుద్దింది. కోచ్‌ను ఆ ఒలింపిక్స్ నుంచి వెళ్ళగొట్టారు. 2024 పారిస్ ఒలింపిక్స్ తర్వాత ఆ క్రీడలోంచి స్వారీనే తీసేశారు.

2024 జులైలో మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన బ్రిటిష్ రౌతు షార్లెట్ డూజార్డిన్ పారిస్ పోటీల నుంచి తప్పుకుంది. శిక్షణలో గుర్రం కాళ్ళ మీద పదేపదే కొరడాతో కొట్టిన వీడియో బయటపడింది. ఏడాది నిషేధం, 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా పడ్డాయి.

గుర్రం తోలు మందం, దెబ్బ తెలియదంటారు. అది అబద్ధం! నొప్పిని పసిగట్టే నరాల కొసలు మన చర్మంలో ఉన్నట్టే గుర్రపు చర్మంలోనూ ఉన్నాయని 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. నార్వే 1982లోనే పందేల్లో కొరడా నిషేధించింది. అక్కడ పందేలు ఆగిపోలేదు.

కొరడా దెబ్బ పదిమందికీ కనబడుతుంది. గుర్రం ముక్కు చుట్టూ కట్టే పట్టీ చేసే హింస కనబడదు. పట్టీ బిగిస్తే కళ్ళెం ఎంత నొప్పించినా గుర్రం నోరు తెరవలేదు. చూసేవాళ్ళు అది బుద్ధిగా ఉందనుకుంటారు. అందుకే పట్టీకీ ముక్కు ఎముకకూ మధ్య రెండు వేళ్లు దూరాలన్నది పాత నియమం. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య 2025 నుంచి దాన్ని ప్రత్యేక పరికరంతో కొలుస్తోంది. మనకు పరికరం అక్కర్లేదు, వేళ్లు చాలు.

కాబట్టి:

1. గుర్రం ఎక్కేముందు ముక్కు పట్టీ కింద రెండు వేళ్లు పెట్టి చూడండి.

2. గుర్రం చెవులు వెనక్కి వాల్చినా, తోక విసురుతున్నా, పదేపదే నోరు తెరుస్తున్నా స్వారీ ఆపి, పశువైద్యుణ్ణి పిలవమనండి.

3. కుంటుతున్న గుర్రం మీద పిల్లల్ని ఎక్కించకండి.

4. ముళ్ల కళ్ళెం కనబడితే ఫిర్యాదు చేయండి. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం చేసిన 1965 నిబంధనలే దాన్ని వద్దన్నాయి. స్వారీ గుర్రం నోరు మాత్రం ఇనుముదా?

5. పరుగు మానిన గుర్రాలు ఎక్కడున్నాయో క్లబ్బులను అడగండి.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు! ఆ చట్టానికి భయపడేవాడెవడు? కాపలా కాయవలసింది మన కళ్ళే.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ స్వారీ బడిలో నేర్చే మొదటి పాఠం కొరడా పట్టడం కాకూడదు. రేపు పొద్దున్నే ఆ రెండు వేళ్లు పెట్టించండి. దూరకపోతే, పట్టీ వదులు చేసేదాకా ఎక్కనివ్వకండి.

చదివి మరొకరికి ఇవ్వండి.

ఇట్లు,
గుర్రాలను ప్రేమించే హైదరాబాద్ పౌరులు