అర్థమైందా? అయింది సార్!

మన బడుల్లో రోజూ అన్నిటికన్నా ఎక్కువగా వినపడే ప్రశ్న ‘అర్థమైందా?’ తరగతి మొత్తం రాగం తీసి ఇచ్చే జవాబు ‘అయింది సార్!’ ఆ జవాబు వచ్చేదాకా సారు ఊరుకోరు, వచ్చాక ఇంకేమీ అడగరు. దీనికి తోబుట్టువు ఇంకొకటుంది. ‘ఆవు అడవిలోకి మేతకు...?’ అని సారు వాక్యాన్ని సగంలో ఆపుతారు. ‘వెళ్లిందీ’ అని నలభై గొంతులు పూరిస్తాయి. వరండాలో నిలబడి వింటే తరగతి మహా చురుగ్గా సాగుతున్నట్టే ఉంటుంది. ఆ నలభై మందిలో పాఠం ఎందరికి తలకెక్కిందో మాత్రం చెప్పలేం.

మీకూ ఓ చిన్న పరీక్ష పెడతాను. ‘గొమ్మడు తన జిలుమలన్నీ టంకిణిలో దాచి, సాయంత్రం పెల్లవులకు పంచాడు.’ గొమ్మడు జిలుమలను ఎక్కడ దాచాడు? టంకిణిలో. ఎవరికి పంచాడు? పెల్లవులకు. ఎప్పుడు? సాయంత్రం. మూడుకు మూడు మార్కులు! గొమ్మడెవరో, జిలుమలు తినేవో తొడుక్కునేవో మీకు తెలీదు. నాకూ తెలీదు, అర్థం పర్థం లేకుండా అల్లిన మాటలవి. విభక్తులు తెలిస్తే చాలు, జవాబులు వచ్చేస్తాయి. ‘ఎందుకు దాచాడు?’ అంటే మాత్రం నోరు పెగలదు. పాఠాల చివర ‘అవగాహన’ పేరుతో మనం అడిగే ప్రశ్నల్లో చాలా భాగం ఆ మొదటి మూడింటి బాపతే. వాటికి జవాబు చెప్పిన పిల్లాడు చదివాడనుకుంటాం. వాడు వెతికాడు, అంతే.

చదవడం రానివాళ్ల సంగతి మనకు బాగానే తెలుసు. కోవిడ్‌కి బడులు మూతపడి తెరిచాక, 2022 అసర్ సర్వేలో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. ఆ సర్వే చూసేది అక్షరం, పదం, పేరా, కథ గడగడా చదివారా లేదా అన్నది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతి పిల్లలకు నిమిషానికి కనీసం 60 పదాల లక్ష్యం పెట్టింది. ‘అర్థంతో’ అన్న మాటా అందులో ఉంది. కానీ పదాలను గడియారం పెట్టి లెక్కపెట్టొచ్చు. అర్థాన్ని లెక్కపెట్టాలంటే కూర్చుని ప్రశ్నలు అడగాలి.

ఏం అడగాలి? తెలుగు పిల్లలందరికీ తెలిసిన ఆవు–పులి కథే తీసుకుందాం. అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన కథ ఇది. ‘నా బిడ్డకు పాలిచ్చి వస్తాను’ అని ఆవు తనను తినబోయిన పులిని వేడుకోవడం, పులి నమ్మకపోవడం, ఆవు ఒట్లు పెట్టుకోవడం, ఇంటికెళ్లి దూడకు బుద్ధులు చెప్పి తిరిగి రావడం, పులి మనసు కరగడం. పాఠం అవగానే వచ్చే ప్రశ్న: ఆవు పులికి ఏమని మాట ఇచ్చింది? రెండో పేరాలో మూడో వాక్యం. అయిపోయింది.

అదే తరగతిలో ‘పులి ఆవును ఎందుకు పోనిచ్చింది?’ అని అడిగి చూడండి. ముందు నిశ్శబ్దం. తర్వాత వెనక బెంచీ నుంచి ఒకడు ‘దాని కడుపు నిండుగా ఉందేమో సార్’ అంటాడు. అందరూ నవ్వుతారు. సారు కూడా నవ్వేసి ‘తప్పు, కూర్చో’ అంటే కథ అక్కడితో సరి. ‘ఎందుకలా అనుకున్నావురా? పాఠంలో ఎక్కడైనా అలా ఉందా?’ అంటే, వాడు పుస్తకం తీస్తాడు. పులి ఆకలితో ఉందని రాసిన చోటు వాడికే కనపడుతుంది. పక్కనున్న పిల్ల ‘ఒట్లు పెట్టుకుంది కదా, అందుకు’ అంటుంది. ‘ఒట్టు పెట్టగానే నమ్మేస్తారా?’ అని ఇంకొకడు. ఈలోపు ముగ్గురూ ఆ పేరాను మళ్లీ చదివేశారు. చదవమని ఎవరూ చెప్పలేదు.

ఇంకో మెట్టు ఎక్కొచ్చు. దూడ వైపు నుంచి చూస్తే ఆవు చేసింది న్యాయమేనా? ఇచ్చిన మాట గొప్పదా, కన్నబిడ్డ గొప్పదా? కన్నడ పిల్లలు పాడుకునే పుణ్యకోటి పాటలో ఇదే కథకు చివర పులి తన ప్రాణం తీసుకుంటుంది. మన కథలో బతుకుతుంది. ఏ ముగింపు మీకు నచ్చింది, ఎందుకు? వీటికి గైడులో జవాబు లేదు, సారు దగ్గర కూడా లేకపోవచ్చు. ఉండక్కర్లేదు. ‘అందరి అభిప్రాయాలూ కరెక్టే’ అని చప్పట్లు కొట్టించి ముగిస్తే మాత్రం అదీ బద్ధకమే. ఎవరు ఏం చెప్పినా కథలోంచి ఆధారం చూపించాలి. ఆధారం లేని జవాబుకు మర్యాదగానైనా సరే ‘ఒప్పుకోను’ అని చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చినదల్లా నమ్మే పెద్దలు కాకుండా ఉండటానికి పిల్లలకు ఇక్కడే అలవాటు పడాలి.

ఇక ‘ఎందుకు’ అనగానే తరగతిలో వచ్చిన ఆ నిశ్శబ్దం గురించి. అమెరికాలో సైన్స్ బోధన మీద పరిశోధన చేసిన మేరీ బడ్ రో 1970లలో ఓ తమాషా విషయం పట్టుకున్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగేది ఒక్క సెకను. ఆ వ్యవధిని మూడు సెకన్లకో ఇంకొంచెం ఎక్కువకో పెంచితే జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’లు తగ్గాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు మాట్లాడారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేశారు. మన తరగతుల్లో ఆ ఒక్క సెకనూ దొరకదు. ముందు బెంచీలో చెయ్యెత్తిన ఫస్ట్ ర్యాంకర్ అప్పటికే చెప్పేసి ఉంటాడు.

పుస్తకాల్లో లోపమా అంటే, పూర్తిగా అలా అనలేను. ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో తెలుగు వాచకాలను తిరగరాసినవాళ్లు ‘అవగాహన–ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ అని శీర్షికలు పెట్టి మంచి ప్రశ్నలే ఇచ్చారు. సొంతమాటల్లో రాయండి, కారణాలు చెప్పండి, మీరైతే ఏం చేసేవారు? అంటూ. ఏడాది తిరక్కుండా గైడులు దిగాయి. ‘మీ అభిప్రాయం తెలపండి’ అన్న ప్రశ్నకు పది లైన్ల అభిప్రాయం అచ్చేసి అమ్మారు! మన పిల్లలు ఆ అభిప్రాయాన్ని స్టడీ అవర్‌లో బట్టీ పట్టి పరీక్షలో దించారు. దిద్దేవాళ్లు మార్కులు వేశారు. వేల మంది ఒకే సొంతమాట రాసినా ఎవరికీ అనుమానం రాలేదు.

‘ఇవన్నీ కబుర్లు, సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు?’ అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన మాటే. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులను లాక్కొచ్చే బడిలో చర్చలంటే ఒళ్లు మండుతుంది. నేననేది రోజుకు పది ప్రశ్నలని కాదు, పాఠానికి ఒక్కటి. దాన్ని బోర్డు మీద రాసి, ఇద్దరిద్దరు మాట్లాడుకుని ఆధారం వెతకమని చెప్పి, ఆ పది నిమిషాలు రెండో తరగతి పిల్లల దగ్గర కూర్చోవచ్చు. నిజానికి ఏకోపాధ్యాయ బడికి ఇలాంటి ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. టీచరు ఎదురుగా లేకపోయినా దాని పని అది చేస్తుంది.

చివరికి అంతా పేపర్ సెట్ చేసేవాళ్ల దగ్గర తేలుతుంది. మన తెలుగు పేపర్లలో పేరా ఒకటి ఇచ్చి, దానిమీద నాలుగైదు ప్రశ్నలు తయారుచేయమనే అంశం ఉంటుంది. చాలా మంచి ఆలోచన. పిల్లలు ఏం రాస్తున్నారో దిద్దినవాళ్లను అడగండి: ఫలానా కవి ఎవరు, ఎక్కడ పుట్టాడు, ఏం రాశాడు. పేరాలోని పేరు తీసి ‘ఎవరు’ పెడితే మార్కులు పడుతున్నప్పుడు పిల్లలైనా ఇంకెందుకు కష్టపడతారు? పేపర్ సెట్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఆ ప్రశ్నల్లో ఒకటైనా ‘ఎందుకు’ అనో ‘ఎలా చెప్పగలవు’ అనో ఉండాలని, లేకపోతే ఒక మార్కు తగ్గుతుందని వచ్చే ఏడాది పేపర్లో రాయండి. ఒక్క మార్కు కోసం మన బడులు ఎంత దూరమైనా వెళ్తాయి.