తూటా కొలత – సిపాయి మోత

మొన్న తరగతిలో ఖాండవదహన ఘట్టమును చెప్పుచుండగా ఎన్.సి.సి.లో నున్న విద్యార్థి యొకడు లేచి, "మాస్టారూ, అర్జునుడి అమ్ములపొదిలో బాణాలు ఎన్ని?" అని అడిగినాడు. తరగతి యంతయు నవ్వినది. అవి అక్షయతూణీరములు, వానికి లెక్క లేదని చెప్పితిని. అతడు కూర్చుండలేదు. "మరి మన సైన్యం ఒక రైఫిలుకు ఇరవై తూటాలు చాలంటుంది, ఇంకోదానికి ముప్ఫై పెడుతుంది. ఎందుకండీ?" అనెను. పురాణమునుండి వార్తాపత్రికలోనికి దూకిన ఆ ప్రశ్నకు అప్పటి కప్పుడు నా యొద్ద సమాధానము లేదు. పిమ్మట కొంత చదివి, తెలిసినవారి నడిగి గ్రహించిన సంగతులు నావంటి ఉపాధ్యాయులకును, అతనివంటి విద్యార్థులకును పనికివచ్చునేమో యని యిచట వ్రాయుచున్నాను.

ముందుగా వార్త. 2019 ఫిబ్రవరిలో మన ప్రభుత్వము అమెరికాలోని సిగ్ సావర్ సంస్థనుండి 72,400 సిగ్-716 రైఫిళ్లు కొనుటకు ఒడంబడిక చేసికొన్నది. 2024లో మరి 73,000 కోరినది. 2021 డిసెంబరులో రష్యాతో కుదిరిన ఏర్పాటు ననుసరించి ఉత్తరప్రదేశములోని అమేఠీ జిల్లా కోర్వాలో ఆరు లక్షలకు పైగా ఏ.కె.-203 రైఫిళ్లు తయారు కావలసి యున్నవి. వానిలో 35,000 2024 జూలై నాటికే అందినవి. ఈ రెండు తుపాకుల క్యాలిబరును 7.62 మిల్లీమీటర్లే. కాని ఒకదాని తూటా రెండవదానిలో ఇమడదు. మొదటిదాని పెట్టెలో పట్టునవి 20, రెండవదానిలో 30.

తుపాకి గొట్టపు లోపలి వ్యాసమును క్యాలిబరు అందురు. ఈ మాట పోతమూస అను అర్థముగల అరబ్బీ శబ్దమునుండి ఐరోపా భాషలలోనికి వచ్చినదని పండితు లూహింతురు. తూటాల పెట్టెకు పేరైన 'మ్యాగజైను' కూడ అరబ్బీ మూలము గలదే. గిడ్డంగి యని దాని మొదటి యర్థము. 1731లో లండనులో ఒక పత్రికకు ఆ పేరు పెట్టిననాటినుండి వ్యాసముల గిడ్డంగియు తూటాల గిడ్డంగియు ఒకే నామమును పంచుకొనుచున్నవి. తెలుగు పంతులకు ఇట్టి చోట ఆగక తప్పదు. పాఠకులు మన్నింతురు గాక.

అయితే క్యాలిబరు అను ఒక్క అంకెవలన తూటా బలము తెలియదు. గుండు వెనుక నున్న ఇత్తడి గొట్టములో ఎంత మందు పట్టుననునది ముఖ్యము. సిగ్ రైఫిలు తూటాకు ఆ గొట్టము పొడవు 51 మిల్లీమీటర్లు, ఏ.కె. తూటాకు 39. మొదటిది తొమ్మిదిన్నర గ్రాముల గుండును సెకనుకు సుమారు 840 మీటర్ల వేగముతో విసరును. రెండవది ఎనిమిది గ్రాముల గుండును సుమారు 715 మీటర్ల వేగముతో పంపును. ద్రవ్యరాశిలో సగమును వేగపు వర్గముతో గుణించు సూత్రము పదవ తరగతి పిల్లలకు తెలిసినదే. వేసి చూచినచో మొదటిదాని శక్తి 3,350 జౌళ్లు, రెండవదానిది 2,000 జౌళ్లు పైచిలుకు. పేరు ఒకటే, పెట్టు వేరు.

ఈ పెద్ద చిన్నల తగవు నిన్న మొన్నటిది కాదు. పొగలేని మందు పందొమ్మిదవ శతాబ్ది చివర వచ్చినప్పుడు ప్రతి దేశమును వేయి గజముల దూరమునకు గుండు పోవలెనని కోరినది. మన సిపాయిలు రెండు ప్రపంచయుద్ధములలో మోసిన .303 తూటా అప్పటిదే. ఆ రైఫిలును ఎన్.సి.సి. కవాతులో నేనును మోసితిని. నాలుగు కిలోల బరువు. గంట గడుచునప్పటికి కుడి భుజము నాది కాదనిపించెడిది. కాల్చినవారు చెప్పగా వింటిని, అది గాడిదవలె వెనుకకు తన్నునట.

వేయి గజముల దూరమున మనుష్యుని చూచువా డెవడు? చూచినను కొట్టువా డెవడు? ఈ ప్రశ్నను రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనులు సూటిగ వేసికొని, పొట్టి తూటాతో, ముప్పది పట్టు పెట్టెతో 1944లో ఒక రైఫిలును సైన్యమున కిచ్చిరి. నేడు 'అసాల్ట్ రైఫిలు' అని లోకము పిలుచుచున్న జాతికి ఆ పేరు అప్పుడు వచ్చినదే. 1952లో అమెరికాలో నార్మన్ హిచ్‌మన్ అను పరిశోధకుడు యుద్ధభూముల లెక్కలు తీసి, రైఫిలు పోరు సాధారణముగ మూడువందల గజములు దాటదనియు, నూరు గజములు దాటినంతనే సిపాయి గురి త్వరత్వరగ క్షీణించుననియు తేల్చినాడు. బ్రిటనువారు అంతకు ముందే .280 అంగుళముల మధ్యరకపు తూటాను సిద్ధపరచి, 1951లో అట్లీ ప్రభుత్వము దానిని స్వీకరించినట్లు ప్రకటించినది. అదే సంవత్సరము చివర చర్చిల్ మరల ప్రధానియై దానిని విరమింపజేసెను. అమెరికా పెద్ద తూటాకే పట్టుబట్టినది; మిత్రకూటమి యంతయు దానివెంట నడిచి 1954 ప్రాంతమున 7.62×51ని ప్రమాణముగ నంగీకరించినది. చిన్న తూటాకై మొదట గీసిన బెల్జియం రైఫిలును పెద్ద తూటాకు సరిపడునట్లు పెంచవలసి వచ్చెను. ఆ పెంచిన తుపాకి వంశములోనిదే ఇషాపూరులో తయారై మన సైన్యము దశాబ్దములపాటు వాడిన ఎస్.ఎల్.ఆర్.

ఇందులో నాకు వింతగా తోచునది ఒకటి కలదు. లెక్కలు తీసినవాని మాట వినబడలేదు; గిడ్డంగులలో నున్న పాత తూటాల మాట వినబడినది. 1932లోనే అమెరికాలో .276 తూటాతో కొత్త రైఫిలు సిద్ధమై యుండగా జనరల్ మెకార్థర్ నిల్వలోనున్న .30 తూటాలే ప్రధానమని దానిని కాదనెను. మిత్రులను పెద్ద తూటాకు ఒప్పించిన అమెరికాయే వియత్నాము అడవులలో దానిని మోయలేక 1960 దశకములో 5.56 మిల్లీమీటర్ల చిన్న తూటాకు దిగినది. 1980లో మిత్రకూటమి కూడ దానినే స్వీకరించినది. రష్యావారు 1974లో 5.45కు మారిరి.

చిన్న తూటా శత్రువును చంపక గాయపరచుటకే పుట్టినదనియు, గాయపడినవానిని మోయుటకు మరి యిద్దరు కావలసి వచ్చుననియు మన పత్రికలలో తరచు చదువుచుందుము. ఇది వినుటకు చాణక్యనీతివలె నుండును గాని నమ్మదగినది కాదు. అసలు కారణము తక్కెడలో నున్నది. 5.56 తూటా బరువు సుమారు 12 గ్రాములు, 7.62×51 తూటా సుమారు 24, ఏ.కె. తూటా పదునారు పదునేడు. రెండువందల తూటాలు మోయు సిపాయికి మొదటిదానితో 2.4 కిలోలు, రెండవదానితో 4.8 కిలోలు. తేడా రెండు కిలోల పైమాట. అనగా రెండు సీసాల నీరు. పదునాలుగువేల అడుగుల ఎత్తున, ఊపిరి యాడనిచోట, ఆ రెండు కిలోల విలువ మనము సమతలమున కూర్చుండి నిర్ణయింపజాలము.

మన కథకు వత్తము. 1962లో చైనా సరిహద్దున మన సిపాయిల చేత నున్నది పది తూటాలు పట్టు .303, ప్రతి గుండుకు చేతితో గడియ లాగవలెను. ఓటమికి రైఫిలే కారణ మనుట అన్యాయము. దారులు లేవు, చలిబట్టలు లేవు, ముందుచూపు లేదు. ఐనను ఆ గడియ లాగిన చేతులను ఎవరును మరువలేరు. పిమ్మట ఎస్.ఎల్.ఆర్. వచ్చినది. 1987లో శ్రీలంకకు పోయిన మన సేన ఆ పొడవైన రైఫిలుతో పొదలలోను సందులలోను ఏ.కె.-47 పట్టిన టైగర్ల నెదుర్కొనవలసి వచ్చి, చాల నేర్చుకొన్నది. కాశ్మీరులో చొరబాటుదారులతో తలపడుటకు తూర్పు ఐరోపానుండి ఏ.కె.లు తెప్పించిరి. స్వదేశమున రూపొందిన 5.56 ఇన్సాస్ రైఫిలు 1990 దశకపు చివర చేతి కందినది. 1999లో కార్గిల్ మంచులో దాని ప్లాస్టిక్ పెట్టె పగులుచున్నదని సిపాయిలు మొరపెట్టుకొనిరి. పదునారువేల అడుగుల శిఖరమున ఇరువది తూటాల పెట్టె పగులుట యనగా ఇరువది తూటాలు పోవుట మాత్రమే కాదు. ఆ క్షణమున తుపాకి కర్రతో సమానమగుట.

2011లో ఒకే రైఫిలు గొట్టము మార్చి 5.56 ను, 7.62×39 ను రెంటిని కాల్చవలెనని టెండరు పిలిచి, 2015లో రద్దుచేసిరి. రెండు పడవల కోరిక అట్లే ముగిసినది. 2016 ప్రాంతమున మరల పెద్ద తూటావైపు గాలి మరలినది. ఆ గాలికే 2019లో సిగ్ వచ్చినది.

పెట్టె సంగతి చెప్పకున్న మా విద్యార్థి యూరుకొనడు. పెట్టె యడుగున స్ప్రింగు, దానిపై పలక, పైన తూటాను జారకుండ పట్టు రేకు పెదవులు, చూచుటకు ఇంతే. కాని తుపాకి మొరాయించినప్పుడు మొదట అనుమానింపవలసినది ఈ పెదవులనే. తూటాల సంఖ్య పెరిగినకొలది స్ప్రింగుపై భారము పెరుగును, పెట్టె పొడవగును. నేలపై బోర్లపడి కాల్చువానికి పొడవైన పెట్టె నేలకు తగిలి తుపాకి పైకి లేచును. తుపాకితో తల కూడ లేచును. ఏ.కె. తూటా మొదట లావుగను చివర సన్నముగను ఉండుటచేత ఒకదానిపై ఒకటి పేర్చిన వరుస వంపు తిరుగును. ఆ పెట్టె అరటిపండువలె వంగుటకు కారణ మదియే, అలంకారము కాదు. నూరు పట్టు డోలు పెట్టెలు కలవు గాని బరువునకును మొరాయింపునకును పేరుపొందినవి. కావున పెద్ద తూటాకు ఇరువది, చిన్నదానికి ముప్పది యన్నది శాస్త్రనియమము కాదు. మనిషి చేయి, మోచేయి, నేల కలిసి చేసిన ఒప్పందము.

ఈ ఒప్పందమును అమెరికా 2022లో మరల తెరచినది. కవచము తొడిగిన శత్రువును దూరమునుండి భేదింపవలెనని 6.8 మిల్లీమీటర్ల కొత్త తూటాను, దానికి తగిన రైఫిలును ఎన్నుకొన్నది. ఆ తూటాలో మందు పీడనము చదరపు అంగుళమునకు 80,000 పౌనులు; అందుచే ఇత్తడి గొట్టమునకు ఉక్కు అడుగు అతికింపవలసి వచ్చినది. ఏడు పెట్టెలు మోయు సిపాయికి పూర్వము 210 తూటాలుండగా ఇప్పుడు 140. తుపాకియు మునుపటికంటె బరువు. డెబ్బది తూటాలు పోయిన పిదప దూరపు గురి మిగిలి యేమి లాభమని అక్కడి సైనికులలోనే విమర్శ వచ్చుచున్నది. ఉక్రెయిన్ యుద్ధములో పైనుండి వాలు చిన్న డ్రోనులపై సిపాయిలు రైఫిలుతో కాల్చి కాల్చి ప్రాణములు దక్కించుకొనుట చూచిన పిమ్మట ఆ విమర్శ నాకు మరింత బలముగ తోచుచున్నది. డ్రోను కవచము తొడుగదు. అది కోరునది తూటాల లెక్క.

మన ఎన్నికలో వివేకమున్నది. లోయ కావలి గట్టుపై నున్నవానిని కొట్టవలసిన సరిహద్దు దళమునకు పెద్ద తూటా, అడవిలోను వీధిలోను మూడువందల మీటర్లలోపల పోరాడువానికి ఏ.కె. తూటా – ఇది నేలను చూచి చేసిన విభజన. రష్యా తన సైన్యమునకు 5.45 ఉంచుకొని మనకు 7.62×39 చేసి యిచ్చుట కొందరికి ఎగతాళిగ తోచినది. కాశ్మీరులో మూడు దశాబ్దములుగా వాడిన తూటా అదియే, సిపాయి నమ్మినదియు అదియే కనుక నాకు తప్పు కనబడదు. నన్ను కలవరపెట్టునది వేరు. సమీపపు పోరుకు తలపెట్టిన కార్బైన్లు 5.56, మిగిలిన ఇన్సాస్‌లును 5.56. అనగా ఒక్క సైన్యమునకు మూడు తూటాలు, వానిలో రెంటికి ఒకే అంకె. రాత్రివేళ, మంచులో, కంచరగాడిదపై పెట్టెలు పంపు సరఫరా జవాను '7.62' అని చదివి తప్పు పెట్టెను పైకి పంపినచో పైన నున్నవాడు ఏమి చేయవలెను? పెట్టెల రంగులును గుర్తులును దీనిని నివారింపవచ్చును. ఐనను అట్టి పొరపాటునకు తావిచ్చు ఏర్పాటే లేకుండిన మరింత మేలు.

ఇదంతయు విన్న మా విద్యార్థి, "అయితే అక్షయతూణీరం ఎప్పుడూ ఖాళీ కాలేదా మాస్టారూ?" అని అడిగినాడు. మౌసలపర్వములో, యాదవస్త్రీలను వెంటబెట్టుకొని వచ్చుచుండగా దొంగలు పైబడిననాడు, ఆ పొదులు వట్టివైనవనియు, అర్జునుడు వింటి కోపుతోనే మోది పోరినాడనియు చెప్పితిని. అతడు కొంతసేపు మాటాడలేదు. పోయిన నెలలో శిబిరమునుండి వచ్చి తన గురి సంగతి చెప్పినాడు. .22 రైఫిలుకు ఐదు తూటా లిచ్చిరట. నాలుగు లక్ష్యమును తాకినవట. ఐదవదాని జాడ తెలియలేదట.