కరిచినదాని జాతి ఏదైతేనేం?

మా పక్కవాటాలో ఒక కుక్క ఉంది. తెల్లగా దూదిపింజలా ఉంటుంది. పామరేనియన్‌ట. "మంచి జాతి వదినగారూ, ఎవర్నీ ఏమీ అనదు" అంటుంది ఆవిడ, పేరంటానికి పిలిచినప్పుడల్లా. కిందటి శ్రావణమాసంలో ఆ మంచి జాతి కుక్కే మా పనిమనిషి కూతురి కాలి పిక్క పట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. తల్లికోసం గేటు తీసుకుని లోపలికి రావడమే అది చేసిన నేరం!

నేను పరుగెత్తుకెళ్ళేసరికే ఎవరో గాయానికి కారం అద్దేశారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. "చిన్న గాటేనండీ, ఇదేమన్నా రాట్‌వైలరా?" అంది పక్కావిడ. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లని కుళాయి కింద కూర్చోబెట్టి, సబ్బు రాసి, గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు కడిగాను. తరవాత ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారటగా అమ్మగారూ" అని దారి పొడుగునా తల్లి వణికిపోయింది. గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందు మన దేశంలో మానేసి ఇరవై ఏళ్ళయిందనీ, ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు సూదులతో సరిపోతుందనీ నర్సమ్మ చెప్పాక గాని ఆవిడ ఊపిరి తీసుకోలేదు.

రాత్రి భోజనాల దగ్గర మావారు తీర్పు చెప్పేశారు. "అందుకేనోయ్, క్రూరజాతి కుక్కల్ని ప్రభుత్వం నిషేధించాలి."

"ఇవాళ కరిచింది క్రూరజాతి కాదుగదండీ!" అన్నాను. ఆయన పెరుగన్నంలో పడ్డారు.

నిజానికి ఆ ముచ్చటా జరిగింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల్ని దిగుమతి చేసుకోవద్దు, అమ్మొద్దు, పెంచొద్దు అని రాష్ట్రాలకి రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్, కేన్ కోర్సో... సగం పేర్లకి నోరు తిరగదు. తోసా అనే జపాను కుక్క పేరు రెండుచోట్ల కనిపిస్తుంది. సంబంధించినవాళ్ళని సంప్రదించలేదని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. సరే, కొట్టెయ్యలేదనే అనుకోండి. ఆ జాబితాలో మా పక్కవాటా పామరేనియన్ లేదు. మన ఊరకుక్క అంతకన్నా లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి పొట్టన పెట్టుకున్నవి వీధికుక్కలే. ఏ జాబితా ఆ బిడ్డని కాపాడేది?

పోనీ, పైదేశాలవాళ్ళు సాధించారా? బ్రిటన్ 1991లోనే చట్టం చేసి నాలుగు జాతుల్ని నిషేధించింది. తరవాతి దశాబ్దాల్లో కుక్క కాట్లతో ఆసుపత్రుల్లో చేరేవాళ్ళు తగ్గకపోగా పెరిగారు. ఒకదాన్ని వద్దంటే మోజుపడేవాళ్ళు ఇంకోదాన్ని తెచ్చుకుంటారు. చివరికి 2023లో ఎక్స్‌ఎల్ బుల్లీ అనే ఐదో రకాన్ని చేర్చుకోవలసి వచ్చింది. నెదర్లాండ్స్ 1993 నుంచి పిట్‌బుల్‌ని నిషేధించి చూసి, కాట్లు తగ్గలేదని 2008లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పాలని నిర్ణయించుకుంది.

పెద్ద కుక్క కరిస్తే పెద్ద గాయమే అవుతుంది, కాదనను. కండబలం ఉన్న కుక్కని పెంచేవాళ్ళకి బాధ్యతా అంత ఎక్కువే ఉండాలి. కాని పేరు చూసి గుణం తేల్చెయ్యడం ఏం న్యాయం? వంశం మంచిదని పిల్లనిచ్చి, అల్లుడి చెయ్యి లేచాక లబోదిబోమన్న ఇళ్ళు మనం చూడలేదూ? పగలంతా గొలుసుతో కట్టేసి, ఒక్క మంచి మాట నేర్పకుండా పెంచితే ఏ జాతిదైనా కరుస్తుంది. పెళ్ళిభోజనాల ఎంగిలాకులు వీధిలో పారేస్తే అక్కడ కుక్కలు గుంపుకట్టక ఏం చేస్తాయి?

అసలు భయపడవలసింది రేబిస్‌కి. లక్షణాలు పైకి కనిపించాక ఇక మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. మనుషులకి సోకే రేబిస్‌లో వందకి 99 పాళ్ళు కుక్కలవల్లే. ఆ క్రిమి జాతి అడిగి రాదు. ఊళ్ళో నూటికి 70 కుక్కలకి టీకాలు పడితే ఆ జబ్బు వాటిలో వ్యాపించడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాబట్టి చట్టం చెయ్యదలుచుకుంటే కుక్కకి కాదు, యజమానికి చెయ్యండి బాబూ! ప్రతి పెంపుడు కుక్కకీ లైసెన్సు, టీకా చీటీ ఉండాలి. వీధిలోకొస్తే గొలుసు ఉండాలి. కరిస్తే వైద్యం ఖర్చు, జరిమానా రెండూ యజమానే కట్టాలి. వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషను, ఏటేటా టీకా వేయించాలి. జాబితా రాసినంత తేలిక కాదు. డబ్బు కావాలి, ఓపిక కావాలి. అందుకేనేమో ఎవరికీ అంత ఇష్టం ఉండదు.

మర్నాడు పక్కావిణ్ణి అడిగాను, "వదినగారూ, మీ కుక్క టీకా చీటీ ఒకసారి చూపిస్తారా?" అని.

ఆవిడ తెల్లబోయింది. "మంచి జాతికి టీకాలెందుకండీ?"

పిల్ల గాయం మానింది. సూదులన్నీ అయ్యాయి. కాని ఇప్పటికీ గేటు బయటే నిలబడి "అమ్మా!" అని కేకేస్తుంది గాని లోపలికి అడుగుపెట్టదు.