చెవి పరీక్ష ఏ భాషలో చేస్తారు?

మన్యం బడిలో పిల్లాడు పిలిస్తే పలకడు. "వీడికి తెలుగు రాదు" అంటారు. ఆస్పత్రిలో హెడ్‌ఫోన్ పెట్టి "శబ్దం వినపడగానే చెయ్యెత్తు" అని తెలుగులో చెప్తారు. వాడికి వచ్చింది కువి. చెయ్యెత్తడు. "వీడికి చెవుడు" అంటారు. ఏది నిజం?

మిషన్‌కి కోయ, కువి, సవర రావు. పిల్లాడి భయం పోగొట్టి, ఏం చేయాలో వాడి మాటలో చెప్పాల్సింది ఆడియాలజీ అసిస్టెంటే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వినికిడి లోపం లెక్క రెండు చెవుల్లో 60 డెసిబెల్స్ నుంచి మొదలు. ఆ అంకె తప్పుపడితే సర్టిఫికెట్టూ తప్పే, దాంతో వచ్చే హక్కూ పోయినట్టే.

మరి ఆ కుర్చీలో మనోళ్ళు ఎందుకుండరు? "అర్హులు దొరకరు" అనే పాత పాట ఆపండి. ఇంటర్ సైన్స్ తర్వాత డీహెచ్ఎల్ఎస్ డిప్లొమా ఒక్క ఏడాదే. మన పిల్లలు చదవలేనిదా అది? 2020లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేస్తే టీచర్ పోస్టుల్లో నూరు శాతం హక్కు పోయింది. ఆస్పత్రుల్లోనూ అడగాల్సిందే. ఇప్పుడు అడుగుదాం.

ఐటీడీఏ ఖర్చుతో చదివించాలి. ఏజెన్సీ ఆస్పత్రుల్లో పోస్టులు మంజూరు చేయాలి, అదీ అవుట్‌సోర్సింగ్‌లో కాదు, పర్మినెంట్‌గా.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, చిన్న ఉద్యోగమని తీసిపారేయకండి. మన భాషను చెవుడని రాయకుండా ఆపేది ఆ కుర్చీయే.